మారుతాళం వద్దు, పంచనామా కావాలి

ప్రొద్దుటూరులో ఒక బ్యాంకు బ్రాంచిలో ఆరేళ్లు లాకర్లు చూసుకున్నాను. అన్నేళ్లలో లాకర్ పగలగొట్టడం ఒక్కసారే చూశాను. చిట్టీలు నడిపే ఒకాయన జనం డబ్బుతో రాత్రికి రాత్రి బిచాణా ఎత్తేశాడు. మా బ్రాంచిలో ఆయనకు లాకర్ ఉందని పోలీసులకు తెలిసింది. ఎస్సై మొదటిసారి ఉత్త చేతులతో వచ్చాడు. మేనేజరు కాఫీ ఇప్పించి పంపేశాడు. రెండోసారి కోర్టు ఆర్డర్‌తో వచ్చాడు.

లాకర్ తెరవాలంటే రెండు తాళంచెవులు కావాలి. ఒకటి బ్యాంకుది, రెండోది కస్టమర్‌ది. కస్టమర్ తాళంచెవికి మారుతాళం మా దగ్గర ఉండదు. "ఉంటుంది లే సార్, ఊరికే చెప్తారు మీరు" అని బంగారం అంగళ్లవాళ్లు నాతో ఎన్నిసార్లు అన్నారో లెక్కలేదు. నిజంగానే ఉండదు. ఉందని తెలిస్తే ప్రొద్దుటూరు లాంటి ఊళ్లో ఒక్కరు కూడా లాకర్ తీసుకోరు, నగలు మళ్లీ ఇంట్లో బియ్యం డబ్బాలోకే పోతాయి.

కాబట్టి పగలగొట్టాల్సిందే. మెకానిక్ హైదరాబాద్ నుంచి రావాలి. ఆయన వచ్చేదాకా ఎస్సై రోజూ ఫోన్ చేసి విసుక్కున్నాడు. డ్రిల్లింగ్ మొదలయ్యాక బ్రాంచి అంతా పళ్లు జివ్వుమనే చప్పుడు. పెన్షన్ కోసం వచ్చిన ముసలాయన ఒకరు "ఏం ఇరగ్గొడుతుండారప్పా లోపల?" అని కౌంటర్ దగ్గర నుంచే అరిచాడు. ఇనప రజను నేల మీద పడుతోంది, కాలిన నూనె వాసన. ఎస్సై, మేనేజరు, నేను, త్రాసుతో మా అప్రైజర్, ఇద్దరు సాక్షులు. సాక్షుల్లో ఒకాయనది ఎదురు వరసలో స్టీలు సామాన్ల అంగడి, ఇంకొకాయన రిటైర్డు టీచరు.

లోపల ఉన్నవి ఇప్పటికీ వరసగా చెప్పగలను. రెండు జతల గాజులు, ఒక కాసులపేరు, పసిపిల్లవాడి వెండి మొలతాడు, చిట్టీల అగ్రిమెంట్ల కట్ట, ఆకుపచ్చ రిబ్బన్‌తో కట్టిన ఉత్తరాలు. ఎస్సై ఆ రిబ్బను లాగబోయాడు. స్టీలు అంగడాయన అంతవరకూ నోరు తెరవలేదు. అప్పుడు మెల్లగా అడిగాడు:

"సార్, జాబులు కూడా ఆర్డర్‌లో ఉండాయా?"

ఎస్సై చెయ్యి ఆగింది. ఆర్డర్ తీసి మళ్లీ చదివాం. బంగారం, నగదు, చిట్టీలకు సంబంధించిన కాగితాలు. అంతే. "ఆకుపచ్చ రిబ్బన్‌తో కట్టిన ఉత్తరాల కట్ట ఒకటి, తెరవలేదు" అని పంచనామాలో రాశాం. ఆ రాత నాదే. అవి ఎవరు రాసినవో, పారిపోయిన ఆ మనిషికి అవి ఏమవుతాయో మాలో ఎవరికీ తెలియకుండానే పోయింది.

ఇంతకాలం తర్వాత ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, కడపలో కోటిరెడ్డి సర్కిల్ దగ్గర పొద్దున టీ తాగే మా గుంపులో ఒక రిటైర్డు హెడ్ కానిస్టేబుల్ ఉన్నాడు. అందరం హెడ్డు అనే పిలుస్తాం. మనిషి మంచోడు, వాదనలో మాత్రం మొండి. "వాట్సాప్‌కి ఒక మారుతాళం సర్కారు దగ్గర ఉండాలన్నా. దొంగోళ్లంతా దాంట్లోనే మాట్లాడుకుంటుండారు. మేం బయట నిలబడి గోడలు చూస్తుండాం" అంటాడు. రెండు నెలలుగా ఇదే గొడవ. టీ కొట్టాయనకు విసుగొచ్చింది. అందుకని రాసి పెడుతున్నాను, ఇకమీద లింకు పంపిస్తే సరిపోతుంది.

హెడ్డు తాళం గురించి చెప్పే మాట తప్పు కాదు. మీరు పంపిన మాటకు మీ ఫోన్‌లోనే బీగం పడుతుంది, అవతలి వాళ్ల ఫోన్‌లోనే తెరుచుకుంటుంది. మధ్యలో మోసుకుపోయే కంపెనీ దగ్గర చెవి ఉండదు. ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ అంటే ఇంతే. 2016 ఏప్రిల్ నుంచి వాట్సాప్‌లో అందరికీ ఇదే ఏర్పాటు. కోర్టు ఆర్డర్ తెచ్చినా కంపెనీ ఇవ్వగలిగింది ఎవరు, ఎవరితో, ఎప్పుడు అనేంతవరకే. ఏం మాట్లాడుకున్నారనేది దాని దగ్గర లేదు.

ప్రభుత్వానికి ఇది మింగుడు పడలేదు. 2015 సెప్టెంబరులోనే కేంద్రం ఒక ఎన్‌క్రిప్షన్ విధానం ముసాయిదా బయటపెట్టింది. జనం తాము పంపిన సందేశాల మామూలు ప్రతిని 90 రోజులు దాచి ఉంచి, అడిగితే చూపించాలట. మా అమ్మ వాట్సాప్‌లో పంపే గుడ్‌మార్నింగ్ పూలు కూడా 90 రోజులు దాచాలి! గోల లేచేసరికి వెంటనే వెనక్కి తీసుకున్నారు. 2021 ఫిబ్రవరిలో ఐటీ నియమాలు వచ్చాయి. 50 లక్షలకు పైగా వాడకందారులున్న మెసేజింగ్ కంపెనీలు, అధికారులు అడిగితే ఒక సందేశాన్ని మొదట పంపినవాడు ఎవరో చెప్పాలి. వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. 2024 ఏప్రిల్‌లో దాని వకీలు, ఎన్‌క్రిప్షన్ విరగ్గొట్టమంటే వాట్సాప్ వెళ్లిపోతుందని కోర్టులోనే చెప్పాడు.

"మొదట పంపినవాడి పేరు మాత్రమే అడుగుతుండారు, మాటలు చదవడం లేదు కదా" అంటాడు హెడ్డు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఏ సందేశం గురించి రేపు అడుగుతారో ఇవాళ తెలియదు. కాబట్టి అందరి సందేశాలకూ ఒక గుర్తు వేసి దాచి ఉంచాలి. చిట్టీల వ్యాపారి ఒకడి కోసం బ్రాంచిలో ఉన్న ప్రతి లాకర్‌లోని నగకూ అచ్చు తీసి పెట్టుకోవడం లాంటిది.

ఆ నియమంలో ఇంకో మెలిక ఉంది. మా కడపవాళ్లు తప్పకుండా చదవాల్సిన మెలిక. మొదట పంపినవాడు దేశం బయట ఉంటే, దేశంలో మొదట ఎవరు పంపితే వాళ్లనే మొదటివాడిగా లెక్కేస్తారు. కడప, రాయచోటి, రాజంపేట వీధుల్లో కువైట్‌లో మనిషి లేని ఇల్లు వెతుక్కోవాలి. కువైట్‌లో డ్రైవర్ పని చేసే కొడుకు ఒక వీడియో అమ్మకు పంపుతాడు. ఆమె చదువురాని మనిషి, అదేమిటో పూర్తిగా చూడకుండానే చెల్లెలికి పంపుతుంది. వీడియో తిరిగి తిరిగి ఎక్కడో గొడవ అయితే, ఈ నియమం ప్రకారం మొదట పంపినది ఆ అమ్మ.

పుకార్ల సంగతి నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. 2018 మే నెలలో పార్థీ గ్యాంగు దిగిందని, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారని వాట్సాప్‌లో ఒకటే పుకార్లు. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఊళ్లకు ఊళ్లు కర్రలు పట్టుకుని రాత్రిళ్లు కాపలా కాశాయి. ముక్కూమొహం తెలియని పాపానికి అమాయకులు దెబ్బలు తిన్నారు. ఆ జూలైలో వాట్సాప్ మన దేశంలో ఒకేసారి ఐదుగురికి మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. బీగాన్ని ముట్టుకోకుండానే చేసిన పని అది. చాలదంటే ఇంకా బిగించమనండి, నాకు అభ్యంతరం లేదు.

కువైట్ అన్నాను కాబట్టి నా పాపం కూడా ఒకటి చెప్పుకోవాలి. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా వీధిలో కువైట్ జాబులు చదివిపెట్టేది నేనే. అంచులకు ఎరుపు నీలం గీతలున్న కవర్లు. మా పక్కింటి ఖాలా తలుపు చేరేసి, నన్ను మంచం మీద కూర్చోబెట్టి, గ్లాసు నిండా చాయ్ ఇచ్చి, "మెల్లగా చదువు బేటా" అనేది. ఒక జాబులో ఆమె భర్త నాలుగు నెలలుగా జీతం రాలేదని, కఫీలు, అంటే పనిలో పెట్టుకున్న అక్కడి యజమాని, పాస్‌పోర్టు పట్టుకున్నాడని, అమ్మకు మాత్రం చెప్పొద్దని రాశాడు. సాయంత్రం వాళ్ల అత్త నన్ను వీధిలో నిలబెట్టి "ఏం రాసినాడు నా కొడుకు?" అని అడిగింది. పెద్దావిడ, గట్టి మనిషి, ఇంటి పెత్తనమంతా ఆమెదే. చెప్పేశాను. ఆ రాత్రి ఆ ఇంట్లో ఏడుపులు మా ఇంటికి వినపడ్డాయి. తర్వాతి జాబు చదవడానికి ఖాలా నన్ను పిలవలేదు. రెండు వీధుల అవతల ఉన్న ఒక ట్యూషన్ పిల్ల దగ్గరికి నడిచి పోయింది.

ఇప్పుడు ఆలోచిస్తే, అడిగినామెకు అడిగే హక్కు లేదని కాదు, తల్లి కదా. కానీ జాబు రాసినవాడికీ, చదివించుకున్నదానికీ తెలియకుండా మధ్యలోవాడి దగ్గర అడిగింది. మధ్యలోవాడు పదమూడేళ్ల పిరికివాడు. మధ్యలో ఎవడున్నా, పెత్తనం ఉన్నవాళ్లు గట్టిగా అడిగితే చెప్పేస్తాడు. ఈ సంగతి నాకు చట్టాలు చదివి తెలియలేదు.

జాబులు తెరిచే అధికారం సర్కారుకు 1898 నాటి పోస్టాఫీసు చట్టంలోనే ఉండేది. 1986లో దాన్ని ఇంకా పెంచుతూ పార్లమెంటు బిల్లు పాస్ చేస్తే, రాష్ట్రపతి జైల్‌సింగ్ సంతకం పెట్టకుండా అలాగే అట్టిపెట్టేశాడు. ఇక ఫోన్లకు 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం. టెలిగ్రాం సర్వీసు 2013 జూలైలో ఆగిపోయింది. చట్టం మాత్రం ఆ తర్వాత కూడా పదేళ్లపాటు ఫోన్లు విన్నది. ఇప్పుడు దాని స్థానంలో 2023 టెలికం చట్టం వచ్చింది.

హెడ్డు దగ్గర ఉన్న గట్టి ఉదాహరణ మా పాత సహోద్యోగిది. పోయినేడాది ఆయన్ని వాట్సాప్ వీడియో కాల్‌లో రెండు రోజులు "డిజిటల్ అరెస్టు" చేశారు. యూనిఫాంలో ఒకడు, వెనక గోడకు గాంధీ బొమ్మ. గదిలోంచి కదలొద్దు, భార్యకు చెప్పొద్దు. రిటైర్మెంటు డబ్బులో సగం పోయింది. మూడో రోజు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాడు. ఆ నంబరుకు మొదటి గంటలో చేస్తేనే డబ్బు ఆపే అవకాశం ఎక్కువ. "చూసినావా? వాట్సాప్‌కు బీగం లేకపోతే వాళ్లను పట్టేసేవాళ్లం" అన్నాడు హెడ్డు.

నిజమా? కాల్‌కు ఒక చివర మా వాడే ఉన్నాడు. మెసేజ్‌లు, ఫేక్ వారెంటు, నంబర్లు, అన్నీ ఆయన ఫోన్‌లోనే ఉన్నాయి. స్టేషన్‌లో అన్నీ చూపించాడు. మోసపోయినవాడికి బీగం అడ్డం కాదు, ఆయన దగ్గరే చెవి ఉంది. దొంగలు దొరకనిది వేరే కారణాలకు. ఎవడి పేరు మీదో తీసిన సిమ్ము, దేశం బయట కూర్చున్న గ్యాంగు, అన్నిటికంటే ముందు డబ్బు పోయిన ఖాతాలు. ఆ ఖాతాలు కూలి పని చేసుకునేవాళ్లవి, చదువుకునే పిల్లలవి. నాలుగు వేలో ఐదు వేలో చేతిలో పెట్టి పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, సిమ్ము తీసుకుపోతారు. ఆ ఖాతాలు తెరిచింది ఎవరు? మా బ్యాంకులవాళ్లమే. టార్గెట్లకు భయపడి, ముఖం కూడా సరిగ్గా చూడకుండా కేవైసీ మీద సంతకం పెట్టేవాళ్లను నేను పక్క కుర్చీలోనే చూశాను. నేనూ పెట్టి ఉంటాను. వాట్సాప్ బీగం కంటే ఆ సంతకాల మీద పట్టు పెడితే మా వాడి డబ్బు ఎక్కువ భద్రంగా ఉండేది.

కానీ హెడ్డు వదల్లేదు. "సరే, ఒక పసిబిడ్డను ఎత్తుకుపోయినారు. ఇద్దరు దొంగోళ్లూ వాట్సాప్‌లోనే మాట్లాడుకుంటుండారు. రెండు చివర్లా దొంగోళ్లే. ఇప్పుడేం చేస్తావు?" టీ గ్లాసు కింద పెట్టి నా మొహంలోకి చూశాడు.

ఇక్కడ నా దగ్గర తేలికైన జవాబు లేదు. రెండు చివర్లా నేరగాళ్లే ఉన్నచోట బీగం నిజంగానే అడ్డం. కొన్ని కేసులు ఆలస్యమవుతాయి, కొన్ని తేలకుండానే పోతాయి. ప్రైవసీ గురించి మాట్లాడే చదువుకున్నవాళ్లు చాలామంది ఈ మాట దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గిస్తారు. నేను ఒప్పుకుంటాను, నష్టం ఉంది. అయినా మారుతాళానికి సరేనని అనలేకపోతున్నాను. ఎందుకంటే మారుతాళం ఆ ఇద్దరు దొంగల లాకర్‌కు మాత్రమే తయారు కాదు. తయారైతే అందరి లాకర్లకూ తిరుగుతుంది.

గ్రీసులో ఇది జరిగింది. అక్కడి వోడాఫోన్ ఎక్స్‌ఛేంజీల్లో పోలీసులు చట్టప్రకారం వినడానికని ఉండే ఏర్పాటును 2004లో ఎవరో చాటుగా వశం చేసుకున్నారు. వందకు పైగా ఫోన్లు నెలల తరబడి విన్నారు. ప్రధానమంత్రి కరమన్లిస్ ఫోన్ కూడా అందులో ఉంది. పోలీసుల కోసం కట్టిన తలుపు, దొంగ దాంట్లోంచే వచ్చాడు. 2024లో అమెరికాలోనూ ఇలాంటిదే బయటపడింది. సాల్ట్ టైఫూన్ అని పేరు పెట్టిన చైనా హ్యాకర్లు టెలికం కంపెనీల్లోకి దూరి, కోర్టు ఆర్డర్ల మీద ఫోన్లు వినే వ్యవస్థల దాకా పోయారు. దాని తర్వాత అక్కడి ప్రభుత్వ అధికారులే, ఎన్‌క్రిప్షన్ ఉన్న యాప్‌లలో మాట్లాడుకోండని జనానికి చెప్పాల్సి వచ్చింది.

"అది అమెరికా, గ్రీసు. మన దగ్గర పద్ధతి ఉంది. హోం సెక్రటరీ సంతకం లేకుండా ఫోన్ వినరు" అన్నాడు.

ఉంది, నిజమే. 1996 డిసెంబరులో, పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు పెట్టించిన పద్ధతి. కేంద్రంలో, రాష్ట్రంలో హోం సెక్రటరీ ఆర్డర్ ఇవ్వాలి. రెండు నెలలు చెల్లుతుంది, పొడిగించుకుంటూ పోయినా ఆరు నెలలు దాటకూడదు. ఒక రివ్యూ కమిటీ ఆర్డర్లను తిరగేసి చూడాలి. జడ్జి ముందుగా చూడాలన్న మాటను మాత్రం, చట్టంలో లేదు కాబట్టి మేం పెట్టలేమని కోర్టు వదిలేసింది. కాబట్టి అడిగేదీ సర్కారే, ఇచ్చేదీ సర్కారే, సరిగ్గా ఇచ్చారా అని చూసే కమిటీలో కూర్చునేదీ సర్కారు సెక్రటరీలే. 2024 డిసెంబరులో వచ్చిన కొత్త నియమాల్లోనూ ఇదే వరస.

ఆ రివ్యూ కమిటీ పని ఎలా ఉంటుందో, డేటా రక్షణ మీద వేసిన జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018లో తన నివేదికలో రాసింది. రెండు నెలలకోసారి కూర్చునే ఆ రివ్యూ కమిటీ ముందుకు ఒక్కో మీటింగులో 15 వేల నుంచి 18 వేల ఆర్డర్లు వస్తాయి. నాకు లెక్కల జబ్బు, వేసి చూశాను. ఎనిమిది గంటలు కుర్చీలోంచి లేవకుండా, టీ కూడా తాగకుండా చూసినా ఒక్కో ఆర్డర్‌కు రెండు సెకన్లు రావు. మా బ్రాంచిలో సాయంత్రం వోచర్ల చెకింగ్ ఆ లెక్కన చేసి ఉంటే నన్ను సస్పెండ్ చేసేవాళ్లు.

ఇంకో నియమం నన్ను మరీ బాధపెట్టింది. ఆ ఆర్డర్లు, విన్నవాటి రికార్డులు, అవసరం లేదనుకుంటే ఆరు నెలలకోసారి ధ్వంసం చేయాలట. విన్న మాటలు చెరిపేయడం మంచిదే, కాదనను. ఎవరి ఫోన్ ఎందుకు విన్నారన్న కాగితం కూడా పోవాలా? 1985 నాటి నియమాల ప్రకారం మేం కొన్ని రిజిస్టర్లు ఐదేళ్లు, కొన్ని ఎనిమిదేళ్లు దాచాలి. ఎవడో నూట యాభై రూపాయలు డ్రా చేసిన లెడ్జరు బూజుపట్టి రికార్డు రూములో ఏళ్ల తరబడి ఉంటుంది.

ఎవరి ఫోన్ విన్నారో వాళ్లకు ఎప్పటికీ చెప్పరు. అమెరికాలో జడ్జి ఆర్డర్ మీద ఫోన్ వింటే, అయిపోయాక మామూలుగా 90 రోజుల్లోపు ఆ మనిషికి నోటీసు పోవాలని చట్టం. ఏడాదికి ఎన్ని ఆర్డర్లు ఇచ్చారో అంకెలు అచ్చువేస్తారు. బ్రిటన్‌లో 2016 చట్టం తర్వాత మంత్రి సంతకం చాలదు, మీద జడ్జి కూడా ఒప్పుకోవాలి. దీనికి వాళ్లు పెట్టుకున్న పేరు డబుల్ లాక్. మా క్యాష్ సేఫ్‌కు ఉండే జాయింట్ కస్టడీ అన్నమాట, ఇద్దరి దగ్గర చెరో చెవి. అలాంటి బ్రిటన్ కూడా ఆపిల్ కంపెనీని మారుతాళం అడగబోతే, 2025 ఫిబ్రవరిలో ఆపిల్ ఆ దేశంలో కొత్తవాళ్లకు క్లౌడ్ భద్రత ఫీచరునే తీసేసింది. దొంగలు పోయి ఇంకో యాప్ ఎక్కుతారు, మామూలు జనానికి ఉన్న బీగం పోయింది.

జాయింట్ కస్టడీ మీద కూడా నాకు భ్రమల్లేవు. ఒకరోజు పాపకు జ్వరమని ఇంటి నుంచి ఫోన్ వస్తే, సేఫ్ చెవి పక్క ఆఫీసరు చేతిలో పెట్టి పరుగెత్తాను. రిజిస్టరులో రాయలేదు. ఆయన ఏమీ చేయలేదు, సాయంత్రం చెవి తిరిగి ఇచ్చాడు. కానీ ఆ మూడు గంటలు రెండు చెవులూ ఒక్క మనిషి జేబులో ఉన్నాయి. ఇద్దరం నిజాయితీపరులమే. ఆ సంగతి ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు.

మనుషుల చేతుల్లోంచి జారడం ఎలా ఉంటుందో మా బంధువుల ఇంట్లోనే చూశాం. మా మేనకోడలి విడాకుల పంచాయితీ ఒక పెద్దాయన ఇంట్లో జరిగింది. మొగుడి తరఫువాళ్లు ఒక కాగితాల కట్ట తీసి బల్ల మీద పడేశారు. ఆ పిల్ల ఆరు నెలల కాల్ లిస్టు. నంబరు, తేదీ, టైము, ఎన్ని సెకన్లు, ఏ టవరు. కొన్ని వరసల మీద పసుపు రంగు పూశారు. రాత్రి పదిన్నరకు ఒకే నంబరుకు మళ్లీ మళ్లీ చేసిందట. "ఎవడది?" అని అందరి ముందూ అడిగారు. ఆ నంబరు ఆమెతో పాటు హాస్టల్లో ఉన్న స్నేహితురాలిది. ఆ పిల్ల నోట మాట రాలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయింది. ఆ కాగితాలు ఎలా బయటికొచ్చాయో మాకు తెలిసింది లేదు, అడిగితే జవాబు చెప్పినవాళ్లూ లేరు. ఇలాంటి లిస్టులు అమ్ముకునే ముఠాను 2018లో మహారాష్ట్రలోని ఠాణే పోలీసులు పట్టుకున్నారు, ప్రైవేటు డిటెక్టివ్‌లను అరెస్టు చేశారు. మాటలు లేని ఉత్త లిస్టుతోనే ఒక ఆడపిల్లను అంత పని చేయగలిగారు. మాటలు కూడా చేతికొస్తే?

అట్లాగని పోలీసులకు తలుపులన్నీ మూసెయ్యమని నేను అనడం లేదు. ఆ రోజు ప్రొద్దుటూరులో చేసినట్టు చేయండి అంటున్నాను. ఒక మనిషి, ఒక ఫోన్, ఒక కేసు, ఏం వెతుకుతున్నారో రాసి ఉన్న జడ్జి ఆర్డర్. ఫోన్ పట్టుకోండి, తెరిపించండి, అందులో కేసుకు సంబంధించినదే తీసుకోండి, మిగతా రిబ్బను విప్పొద్దు. కంపెనీల దగ్గరున్న కాల్ వివరాలు తీసుకోవాలన్నా అదే పద్ధతి పెట్టండి. అవసరమైతే కేసు తేలేదాకా ఆలస్యం చేసి, ఆ తర్వాతైనా ఆ మనిషికి చెప్పండి. పసిబిడ్డ ప్రాణం మీదికొచ్చిన రోజు ముందు పని చేసి, రెండు రోజుల్లో జడ్జి దగ్గర సంతకం తీసుకోండి. ఏడాది చివర ఎన్ని తీశారో అంకె అచ్చువేయండి. దీనివల్ల పని కష్టమవుతుంది, ఖర్చవుతుంది, ఎస్సై విసుక్కుంటాడు. విసుక్కోనీ. డ్రిల్లింగ్ మిషన్ చప్పుడు బజారుకు వినపడబట్టే ఆ ఊళ్లో లాకర్లు ఎవరూ ఖాళీ చేయలేదు.

ఇది ఆకాశంలోంచి తెచ్చిన కోరిక కాదు. లాకర్లకు రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ఇచ్చిన ఆదేశాల్లోనే ఉంది. ప్రభుత్వ అధికారులు లాకర్ జప్తుకు వచ్చారని కస్టమర్‌కు ఉత్తరం, ఎస్సెమ్మెస్ పంపాలి. సంబంధం లేని ఇద్దరు సాక్షుల ముందు జాబితా రాయాలి. ఇంటి సోదాకైతే 2024 జూలై నుంచి కొత్త క్రిమినల్ చట్టం ప్రకారం వీడియో తీయాలి. నా ఇంట్లో ఇనప బీరువా తెరిస్తే వీడియో, సాక్షులు. నా ఫోన్‌లో నా భార్యతో మాట్లాడుకున్నది వింటే ఏమీ లేదు.

ఫోన్‌లోకి చాటుగా దూరే గూఢచారి సాఫ్ట్‌వేర్ సంగతేమిటని అడుగుతారు. అదీ పగలగొట్టడమే, కాకపోతే చప్పుడు లేదు, సాక్షి లేడు. పెగాసస్ అనే అలాంటి సాఫ్ట్‌వేర్ గొడవలో సుప్రీంకోర్టు వేసిన కమిటీ 29 ఫోన్లు చూసింది. ఐదింటిలో ఏదో మాల్‌వేర్ దొరికింది, అది పెగాససే అని తేలలేదు. కేంద్రం సహకరించలేదని కమిటీ చెప్పినట్టు 2022 ఆగస్టులో కోర్టే వెల్లడించింది. పంచనామా లేకపోతే ఇంతే, సుప్రీంకోర్టుకు కూడా జరిగిందో లేదో తెలియదు.

ఇదంతా మొన్న టీ దగ్గర ఒక్కొక్కటిగా చెప్పాను. హెడ్డు మధ్యలో అడ్డం రాకుండా విన్నాడు, అది ఆయనకు కొత్త. పక్క రాష్ట్రం తెలంగాణలో 2024 మార్చిలో మొదలైన ఫోన్ ట్యాపింగ్ కేసు గురించి కూడా మాట్లాడుకున్నాం. పోలీసు అధికారులనే అరెస్టు చేశారు, హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని ఆరోపణ. "అది డిపార్టుమెంటుకే మచ్చన్నా" అన్నాడు. ఆ తర్వాత మళ్లీ మొదటికే వచ్చాడు: "కానీ చంటిబిడ్డ సంగతి నువ్వు చెప్పలేకపోయినావు."

"చెప్పలేకపోయినా" అన్నాను.

ఇంతలో ఆయన జేబులో ఫోన్ మోగింది. మామూలు కాల్. నంబరు చూసి కొంచెం పక్కకు తిరిగాడు. "ఆఁ, చెప్పు సామీ... వద్దొద్దు, దీంట్లో వద్దు. పెట్టేయ్. వాట్సాప్‌లో చెయ్, మాట్లాడదాం" అని కట్ చేసి, టీ డబ్బులు నన్నే ఇమ్మని సైగ చేసి, రోడ్డు దాటి అవతల వేపచెట్టు కిందికి పోయాడు.